కోళ్ల రాజధానిలో రసాయన స్నానం

అమెరికాలోని గెయిన్స్‌విల్ పట్టణం చికెన్‌కు పెట్టింది పేరు. అక్కడ కోసిన కోడి ప్యాకెట్లోకి చేరేలోపు ఏ నీళ్లలో మునుగుతుంది? ఆ నీళ్ల ఆవిరిని ఎవరు పీలుస్తున్నారు? పక్క కౌంటీలోని తెలుగు వంటింటికీ, మన వీధి చివరి చికెన్ సెంటర్‌కూ ఈ ప్రశ్నలతో సంబంధం ఉంది.

అట్లాంటాకు ఉత్తరాన ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, కమ్మింగ్ ప్రాంతాలకు వెళితే అమెరికాలో ఉన్న సంగతి కాసేపు మరిచిపోవచ్చు. కిరాణా దుకాణాల్లో గోంగూర కట్టలు, సాయంత్రం పార్కుల్లో తెలుగు మాటలు, వారాంతాల్లో బిర్యానీ పార్టీలు. ఫోర్సైత్ కౌంటీలో సాఫ్ట్‌వేర్ కుటుంబాలు స్థిరపడకముందు ఈ నేల మీద కోళ్ల ఫారాలుండేవి. కమ్మింగ్ నుంచి బ్రౌన్స్ బ్రిడ్జి రోడ్డు మీదుగా తూర్పుకు వెళితే లేక్ లేనియర్ జలాశయం వస్తుంది. చట్టాహుచీ నదికి అడ్డంగా 1950లలో కట్టిన బ్యూఫర్డ్ ఆనకట్ట వల్ల ఏర్పడిన సరస్సు ఇది. అట్లాంటా మహానగరం దాహం తీర్చేది ప్రధానంగా ఈ నీరే. 1996 ఒలింపిక్స్ పడవ పందేలు జరిగింది కూడా ఇక్కడే. వంతెన దాటగానే హాల్ కౌంటీ మొదలవుతుంది. దాని కేంద్రం గెయిన్స్‌విల్. తమ ఊరు 'ప్రపంచ కోళ్ల రాజధాని' అని వాళ్లే చెప్పుకుంటారు.

చెప్పుకోవడమే కాదు, దానికో స్మారకం కూడా కట్టుకున్నారు. ఊరి ప్రధాన రహదారి పక్కన చిన్న పార్కు ఉంది. దాని పేరు పౌల్ట్రీ పార్కు. మధ్యలో పాలరాతి స్తంభం, దాని కొసన కంచు కోడిపుంజు. 1961లో ఈ ఊరు ఓ విచిత్రమైన శాసనం చేసింది. దాని ప్రకారం ఇక్కడ వేయించిన చికెన్‌ను ఫోర్కుతో తినడం నేరం, చేత్తోనే తినాలి. అది ప్రచారం కోసం చేసిన చిలిపి పని. అయినా 2009లో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన 91 ఏళ్ల వృద్ధురాలిని ఈ 'నేరం' కింద సరదాగా అరెస్టు చేసి ఊరంతా నవ్వుకున్నారు. చేత్తో తినే తెలుగువాడికి ఇంతకంటే అనుకూలమైన చట్టం అమెరికాలో మరొకటి ఉండదు.

తుపాను నుంచి కోళ్ల దాకా

గెయిన్స్‌విల్‌కు కోళ్లు తాతల నాటి సంపద కావు, కష్టకాలంలో దొరికిన ఆసరా. ఒకప్పుడు ఇది పత్తి ప్రాంతం. కాయతొలిచే పురుగు పత్తిని తినేసింది. ఆ వెంటనే 1930ల ఆర్థిక మాంద్యం వచ్చింది. 1936 ఏప్రిల్ 6న వచ్చిన టోర్నడో ఊరి నడిబొడ్డును నేలమట్టం చేసి 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రోజుల్లో జెస్సీ జువెల్ అనే వ్యాపారి తన కుటుంబ దాణా వ్యాపారాన్ని నిలబెట్టుకోవడానికి ఓ ఉపాయం పన్నాడు. చేతిలో డబ్బులేని రైతులకు కోడిపిల్లలను, దాణాను అప్పుగా ఇచ్చాడు. పెరిగిన కోళ్లను తనే తీసుకుని, అమ్మి, అప్పు మినహాయించుకుని మిగతాది చెల్లించాడు. తర్వాత హేచరీ, ప్రాసెసింగ్ ప్లాంటు, దాణా మిల్లు ఒక్కొక్కటే పెట్టాడు. గుడ్డు దశ నుంచి ప్యాకెట్ దాకా మొత్తం ఒకే యజమాని చేతిలోకి వచ్చింది.

మన కోళ్ల రైతులు 'ఇంటిగ్రేషన్' అని పిలిచేది ఈ పద్ధతినే. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు బిల్లు, చాకిరీ రైతువి. చివర్లో కిలోకు ఇంతని పెంపకం కూలి. రంగారెడ్డి జిల్లాలోనో, తమిళనాడులోని పల్లడంలోనో షెడ్డు వేసుకున్న రైతుకు గెయిన్స్‌విల్ కథ కొత్తగా అనిపించదు. ఊరి ప్రధాన రహదారికి ఇప్పుడు జువెల్ పేరే ఉంది. జార్జియా రాష్ట్రం ఏటా 100 కోట్లకు పైగా బ్రాయిలర్లను ఉత్పత్తి చేస్తోంది. అమెరికాలో అగ్రస్థానం ఈ రాష్ట్రానిదే.

ఊళ్లో తిరిగితే ఈ లెక్క కళ్లకు కడుతుంది. బోనుల వరసలతో లారీలు పోతుంటాయి. రోడ్డు అంచున తెల్లటి ఈకలు గాలికి దొర్లుతుంటాయి. అట్లాంటా హైవే అనే వీధిలో దుకాణాల బోర్డులు చాలావరకు స్పానిష్‌లోనే ఉంటాయి. పట్టణ జనాభాలో 40 శాతం దాకా లాటినోలు. మెక్సికో, గ్వాటెమాలా వంటి దేశాల నుంచి వచ్చిన ఈ కుటుంబాల్లో చాలామందికి ఆధారం కోళ్ల ప్లాంట్లలో పని.

నిమిషానికి 140

ప్లాంటు లోపల జరిగే పని క్రమం అమెరికా అంతటా దాదాపు ఒకటే. ఆరేడు వారాల వయసున్న కోడిని తలకిందులుగా కొక్కేలకు తగిలిస్తారు. విద్యుత్ ప్రవహించే నీటిలో తల మునగగానే అది స్పృహ తప్పుతుంది. తర్వాత మెడ కోత, వేడినీటి తొట్టి, రబ్బరు వేళ్లతో ఈకలు పీకే యంత్రం, పేగులు లాగే యంత్రం. ఇదంతా ఆగకుండా కదిలే గొలుసు మీద సాగుతుంది. 2014లో అమెరికా వ్యవసాయ శాఖ తెచ్చిన కొత్త తనిఖీ విధానం ప్రకారం ఆ గొలుసు నిమిషానికి 140 కోళ్ల దాకా నడవవచ్చు. ప్రత్యేక అనుమతి పొందిన ప్లాంట్లలో 175 దాకా. పాత విధానంలో ఒక ప్రభుత్వ తనిఖీదారు నిమిషానికి 35 కోళ్లను చూసేవాడు. కొత్త విధానంలో పాడైన కోళ్లను ఏరే పని ముందుగా కంపెనీ సిబ్బందే చేస్తారు. గొలుసు చివర నిలబడిన ఒక్క ప్రభుత్వ తనిఖీదారు ముందు నుంచి సెకనుకు రెండు కోళ్లకు పైగా దాటిపోతాయి.

ఈ వేగంలో పేగు తెగితే మలం మాంసానికి అంటుతుంది. కోడి పేగుల్లో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ సూక్ష్మజీవులు నివసించడం మామూలే. వాటితో కోడికి పెద్దగా నష్టం లేదు, మనిషికి మాత్రం విరేచనాలు, జ్వరం. కొన్నిసార్లు ప్రాణాపాయం. పైగా కోసిన కోళ్లన్నిటినీ 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లార్చడానికి భారీ చన్నీటి తొట్టెల్లో కలిపి ముంచుతారు. ఒక కోడికి అంటింది వేలాది కోళ్లకు పాకడానికి అంతకంటే అనువైన చోటు లేదు. అందుకే ఆ నీళ్లలో మందు కలుపుతారు.

చాలా ఏళ్లపాటు ఆ మందు క్లోరిన్. చల్లార్చే నీటిలో పది లక్షల వంతులకు 50 వంతుల వరకు దీనికి అనుమతి ఉంది. ఇప్పుడు దాని స్థానాన్ని చాలావరకు పెరాసెటిక్ యాసిడ్ ఆక్రమించింది. వెనిగర్‌లోని ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిస్తే ఇది తయారవుతుంది. మలినాలు కలిసిన నీటిలో క్లోరిన్ కంటే బాగా పనిచేస్తుంది. పని అయ్యాక నీరు, ఆక్సిజన్, వెనిగర్ ఆమ్లంగా విడిపోతుంది. మాంసంపై చల్లే ద్రావణంలో పది లక్షల వంతులకు 2,000 వంతుల దాకా దీన్ని వాడవచ్చు. సెటైల్‌పిరిడీనియం క్లోరైడ్ అనే మరో రసాయనానికీ అనుమతి ఉంది. యూరప్‌లో ఇప్పటికీ 'క్లోరిన్ కోడి' అని తిడుతున్నా, అమెరికా ప్లాంటు పక్కనుంచి వెళితే ముక్కుకు తగిలేది స్విమ్మింగ్ పూల్ వాసన కంటే ఘాటైన వెనిగర్ వాసనే.

యూరప్ ఎందుకు వద్దంది?

యూరోపియన్ యూనియన్ 1997 నుంచి ఈ కోళ్లను రానివ్వడం లేదు. అక్కడ మాంసాన్ని తాగునీటితో మాత్రమే కడగాలి, వేరే ఏది వాడాలన్నా ప్రత్యేక అనుమతి కావాలి. 2008లో నాలుగు రసాయనాలను అనుమతిద్దామని యూరోపియన్ కమిషన్ ప్రతిపాదిస్తే సభ్యదేశాలు తిరస్కరించాయి. 2009లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థ గడప తొక్కింది. 2010లో రష్యా కూడా క్లోరిన్ కోళ్లకు తలుపులు మూసింది. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్‌లో ఎన్నికల ప్రసంగాల దాకా వెళ్లిన మాట ఇది. 2025 మేలో అమెరికాతో వాణిజ్య ఒప్పందం ప్రకటించినప్పుడు సైతం క్లోరిన్ కోడి మాత్రం రాదని బ్రిటన్ ప్రభుత్వం ప్రజలకు హామీ ఇవ్వాల్సి వచ్చింది.

ఇక్కడ ఓ విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ రసాయనాల అవశేషాలు తిన్నవాడికి హాని చేస్తాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ తేల్చలేదు. అనుమతించిన మోతాదులో ఆందోళన అక్కర్లేదనే 2005లో చెప్పింది. యూరప్ అభ్యంతరం వేరు. చివర్లో మందునీళ్లతో కడిగే వీలుంటే మొదట్లో శుభ్రత మీద శ్రద్ధ తగ్గుతుందని దాని వాదన. అందుకే అక్కడ ఫారం దగ్గరే పట్టు బిగించారు. మనుషులను ఎక్కువగా జబ్బు చేసే రెండు రకాల సాల్మొనెల్లా ఉన్న తాజా కోడిమాంసాన్ని 2011 చివరి నుంచి అమ్మనివ్వడం లేదు. స్వీడన్ ఇంకా ముందుంది. సాల్మొనెల్లా బయటపడితే అక్కడ మంద మొత్తాన్నీ వధిస్తారు. అలాగని యూరప్‌కు రోగాలు లేవని కాదు. ఆహారం ద్వారా వచ్చే జబ్బుల్లో కాంపైలోబాక్టర్ అక్కడ ఏటా మొదటి స్థానంలో ఉంటోంది.

అమెరికాలో మరో చిక్కుముడి ఉంది. ప్లాంట్లలో తీసిన కోడిమాంసం నమూనాల్లో సాల్మొనెల్లా కనిపించడం 2017, 2021 మధ్య సగానికి పైగా తగ్గింది. సాల్మొనెల్లాతో జబ్బుపడే మనుషుల సంఖ్య మాత్రం తగ్గలేదు. ఏటా దాదాపు 13.5 లక్షల మందికి ఈ జబ్బు వస్తుందని, 420 మంది చనిపోతారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా. ఆహారం ద్వారా వచ్చే సాల్మొనెల్లా కేసుల్లో దాదాపు నాలుగో వంతుకు కోడి, టర్కీ మాంసాలే కారణమని వ్యవసాయ శాఖ లెక్క.

పరీక్షలో తగ్గింది ఆసుపత్రిలో ఎందుకు తగ్గలేదు? శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి, సాల్మొనెల్లాలు అన్నీ ఒకేలాంటివి కావన్నది. కోళ్లలో విరివిగా కనిపించే కెంటకీ రకం మనుషుల జోలికి అరుదుగా వస్తుంది. ఎంటరిటిడిస్, టైఫిమ్యూరియం, ఇన్‌ఫాంటిస్ వంటివి ప్రమాదకరం. మొత్తం సంఖ్య తగ్గినా ఇవి తగ్గకపోతే ప్రయోజనం తక్కువ. రెండో సందేహం పరీక్ష మీదే. మాంసానికి అంటిన మందు నమూనా సీసాలోకీ వెళితే అక్కడ కూడా సూక్ష్మజీవులను చంపుతూనే ఉంటుంది. అప్పుడు మాంసంలో ఉన్నవి పరీక్షలో కనబడవు. ఈ అనుమానంతోనే 2016 జులై నుంచి ఆ మందును విరిచే ద్రావణాన్ని నమూనాల సేకరణలో వాడుతున్నారు. మరోవైపు, 2018లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పాలకూర మీద చేసిన అధ్యయనంలో క్లోరిన్ తగిలిన లిస్టీరియా, సాల్మొనెల్లాల్లో కొన్ని చావకుండా, ప్రయోగశాల పళ్లెంలో పెరగని స్థితికి చేరినట్టు తేలింది.

పచ్చి కోడిమాంసంలో ప్రమాదకర సాల్మొనెల్లా ఒక మోతాదు మించితే అమ్మకుండా ఆపాలని వ్యవసాయ శాఖ 2024 ఆగస్టులో ప్రతిపాదించింది. పరిశ్రమ ఖర్చు పెరుగుతుందని గగ్గోలు పెట్టింది. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకుంది. దాంతో చివరి మందునీళ్ల మీదే భారం మిగిలింది.

పీల్చేవాళ్ల సంగతి

తినేవాడికి చేరేసరికి విడిపోయే పెరాసెటిక్ యాసిడ్, పనిచేసేవాడి దగ్గర మాత్రం ఘాటుగానే ఉంటుంది. కళ్లు మండుతాయి, ముక్కు కారుతుంది, గొంతు గీరుకుపోతుంది. ఎక్కువైతే ఉబ్బసం. గాలిలో ఎంతవరకు ఉండవచ్చో అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఇంతవరకు ప్రత్యేక పరిమితి విధించలేదు. పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సూచించిన 0.4 వంతుల పరిమితి సలహాగానే ఉంది. గాలి బయటికి పోయే ఏర్పాటు సరిగా ఉన్న ప్లాంటులో ఇబ్బంది తక్కువ, లేనిచోట ఎనిమిది గంటలూ ఆ ఆవిరే. భాష రానివారు, వీసా కాగితాల భయం ఉన్నవారు ఫిర్యాదు చేయడానికి జంకుతారు.

గెయిన్స్‌విల్ ఈ విషయంలో ఓ చేదు తేదీని గుర్తుపెట్టుకుంది. 2021 జనవరి 28న ఊళ్లోని ఓ ప్లాంటులో చికెన్‌ను గడ్డకట్టించే యంత్రం నుంచి ద్రవ నైట్రోజన్ పొంగి బయటికొచ్చింది. నైట్రోజన్ విషం కాదు, కానీ గదిలోని ఆక్సిజన్‌ను తోసేస్తుంది. రంగు, వాసన లేకపోవడంతో ప్రమాదం తెలిసేలోపే మనిషి కూలిపోతాడు. లోపల పడిపోయినవారి కోసం వెళ్లినవారూ పడిపోయారు. ఆరుగురు చనిపోయారు. నీటిమట్టం కొలిచినట్టు ద్రవ నైట్రోజన్ మట్టాన్ని కొలిచే గొట్టం వంగిపోవడంతో అది పొంగిందని, గాలిలో ఆక్సిజన్ తగ్గితే మోగాల్సిన హెచ్చరిక ఏర్పాటు లేదని సమాఖ్య దర్యాప్తు సంస్థ 2023 డిసెంబర్‌లో తేల్చింది. నాలుగు కంపెనీలకు కలిపి ప్రతిపాదించిన జరిమానా దాదాపు 10 లక్షల డాలర్లు. ఈ ఊళ్లో రసాయనాల చర్చ ఆహారం గురించి మాత్రమే కాదని చెప్పడానికి ఈ ఒక్క ఘటన చాలు.

పసుపు, ఉప్పు, సింకు

సరస్సు ఇవతలి ఒడ్డున, తెలుగు ఇళ్లలో చికెన్ కూరకు మొదటి మెట్టు కడగడం. పసుపు, ఉప్పు వేసి రుద్ది, మూడునాలుగు నీళ్లు మార్చి కడిగితే గానీ మనసొప్పదు. మందునీళ్ల సంగతి తెలిసినవారు ఇంకో రెండుసార్లు కడుగుతారు. అయితే అమెరికా వ్యవసాయ శాఖ కడగొద్దనే చెబుతుంది. దానికి కారణం ఉంది. 2019లో అది ప్రకటించిన అధ్యయనంలో కోడిమాంసాన్ని కడిగినవారిలో 60 శాతం మంది సింకుల్లో సూక్ష్మజీవులు మిగిలాయి. 26 శాతం మంది చేతుల మీదుగా పక్కనున్న సలాడ్ ఆకుల్లోకి చేరాయి. కడగక తప్పదనుకునేవారు పచ్చిగా తినే కూరగాయలు ముందు తరిగి పక్కన పెట్టుకోవాలి. కుళాయి ధారగా వదలకుండా గిన్నెలో కడగాలి. తర్వాత సింకును సబ్బుతో తోమి క్రిమిసంహారక మందుతో తుడవాలి. సూక్ష్మజీవులను చంపేది పసుపు కాదు, పొయ్యి. ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాటితే సాల్మొనెల్లా బతకదు. బాగా ఉడికించే మన కూర పద్ధతి ఈ విషయంలో మనకు కలిసొచ్చింది.

ప్యాకెట్ మీది మాటలను చదవడం కూడా ఓ విద్యే. చన్నీటి తొట్టిలో మాంసం పీల్చిన నీరు ఎంత శాతమో అక్కడ రాస్తారు. ఆ నీళ్లలో ఏం కలిపారో రాయరు. చట్టం దృష్టిలో అది 'ప్రాసెసింగ్ సహాయకం', ఆహారంలో భాగం కాదు. 'ఆర్గానిక్' అని ఉన్నా పెరాసెటిక్ యాసిడ్ వాడి ఉండవచ్చు, ఆ నియమాల్లోనూ దానికి అనుమతి ఉంది. 'ఎయిర్ చిల్డ్' అంటే చల్లగాలితో చల్లార్చారని అర్థం. కలిపి ముంచడం తప్పుతుంది, మందు చల్లడం తప్పుతుందన్న హామీ లేదు. 'హలాల్' అనేది కోతకు సంబంధించిన మాట, చన్నీటి తొట్టికి కాదు. ఇక 'హార్మోన్లు లేవు' అన్న మాటకు అదనంగా డబ్బివ్వక్కర్లేదు. అమెరికాలో కోళ్లకు హార్మోన్లు ఇవ్వడం దశాబ్దాలుగా నిషిద్ధం.

మన వీధికి వస్తే

అమెరికా కోడి కాళ్లు మన దేశంలోకి రావాలని చాలాకాలంగా ప్రయత్నిస్తున్నాయి. బర్డ్ ఫ్లూ పేరుతో 2007లో భారత్ పెట్టిన నిషేధాన్ని అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో సవాలు చేసింది. 2015 జూన్‌లో అప్పీళ్ల విభాగం మనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ కేసులో మందునీళ్ల ప్రస్తావన లేదు, వివాదమంతా బర్డ్ ఫ్లూ మీదే. ఈ బేరం ముందు ముందు మళ్లీ మొదలైనప్పుడు అవతలివైపు ఏ నీళ్లతో కడుగుతారో అడిగే హక్కు మనకుంది. ఆ హక్కు గట్టిగా నిలవాలంటే మన ఇల్లు ముందు చక్కబడాలి.

మనవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ కళ్లముందే కోయించుకుంటారు. బోనులోంచి తీసి, తూకం వేసి, కోసి, డ్రమ్ములో పడేసి, వేడినీళ్లలో ముంచి, 'స్కిన్‌తోనా, స్కిన్‌లెసా' అని అడిగి ఇచ్చేస్తారు. చల్లార్చే తొట్టి లేదు కాబట్టి మందునీళ్లు లేవు. దాంతో మనది శుభ్రమైన చికెన్ అనుకుంటాం. ఆదివారం పొద్దున రద్దీలో ఉదయం నుంచి మార్చని ఆ వేడినీళ్లు, గంటల తరబడి తుడవని మొద్దు, అన్ని కోళ్లకూ ఒకటే కత్తి చూస్తే ఆ నమ్మకం కొంచెం సడలుతుంది. గెయిన్స్‌విల్ తొట్టిలో వేలాది కోళ్లకు జరిగేదే ఇక్కడ వందల కోళ్లకు మందు లేకుండా జరుగుతోంది.

మన రసాయనం వేరేచోట ఉంది, దాణాలో. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2014లో రాజధాని ప్రాంతంలో 70 కోళ్ల నమూనాలను పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు కనిపించాయి. 2017లో పంజాబ్‌లోని 18 ఫారాల మీద వెలువడిన అధ్యయనంలో మాంసం కోళ్ల నుంచి తీసిన ఈ-కోలైలలో 87 శాతం, గుడ్లు పెట్టే కోళ్ల వాటిలో 42 శాతం కీలకమైన మందులను విరిచేసే ఎంజైములు తయారు చేసేవేనని తేలింది. ఆసుపత్రుల్లో చివరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్‌ను సైతం కోళ్లు త్వరగా బరువెక్కడానికి వాడారు. 2019 జులైలో కేంద్రం ఆహార జంతువులకు దాని తయారీ, అమ్మకాలను నిషేధించింది. యూరప్ పెరుగుదల కోసం యాంటీబయాటిక్స్ వాడటాన్ని పూర్తిగా ఆపింది 2006లో. వంటతో సూక్ష్మజీవి చస్తుంది. కానీ ఫారంలో మందులకు లొంగని శక్తి సంపాదించిన సూక్ష్మజీవి నీళ్ల ద్వారా, ఎరువు ద్వారా, కోళ్లను మోసే కూలీ చేతుల ద్వారా బయటికి వస్తుంది.

హైదరాబాద్‌లోనూ ఇప్పుడు చల్లటి ట్రేల్లో ప్యాక్ చేసిన చికెన్ యాప్‌లో ఆర్డరిస్తే ఇంటికొస్తోంది. వేగంగా నడిచే ప్లాంట్లు పెరిగేకొద్దీ వాటి వెనకే చన్నీటి తొట్టెలు, వాటిలో కలిపే మందులు వస్తాయి. ఇప్పుడే పెట్టుకోవాల్సిన నియమాలు మూడు. చల్లార్చే నీటిలో ఏం కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. ఫారంలో ఏ మందు వాడారో నమోదు చేసి తనిఖీదారు అడిగినప్పుడు చూపాలి. ఆ ఆవిరి మధ్య పనిచేసేవారికి గాలి కొలిచే పరికరం, ప్రమాదం వస్తే మోగే గంట తప్పనిసరి కావాలి. మూడింటికీ డబ్బు ఖర్చవుతుంది, చికెన్ ధర కిలోకు కొంత పెరగవచ్చు. కోడిని కారుచౌకగా తినడం ప్రపంచానికి నేర్పింది గెయిన్స్‌విల్. ఆ చౌకదనంలో మిగిలిన బాకీని ఆ ఊరి కూలీలు ఇంకా తీరుస్తూనే ఉన్నారు.